డీప్ పర్పుల్ లైవ్ రికార్డులు, బేసిస్టుల గొడవ: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక టీ అంగడి ముందు ఆదివారం సాయంత్రాలు కూర్చునే గుంపు మాది. కడప నుంచి ఒకాయన, కర్నూలు నుంచి ఒక కుర్రాడు పనుల మీద వచ్చినప్పుడల్లా కలుస్తారు. కలిస్తే ఇదే గొడవ: ఇంగ్లండ్ రాక్ బ్యాండు డీప్ పర్పుల్ లైవ్ రికార్డుల్లో ఏది వినాల, వాళ్ళ బేసిస్టుల్లో, అంటే అడుగు స్వరాల బేస్ గిటార్ వాయించినవాళ్ళలో, ఎవరు గొప్ప అని. కొత్తగా చేరినవాళ్ళూ అవే సందేహాలు అడుగుతుంటే చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకని రాసి పెట్టాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు.

## ఇప్పుడే వినడం మొదలుపెట్టినవాళ్ళకు

నాకు ఆ ఒక్క పాటే తెలుసప్పా, గిటార్ నేర్చుకునేవాళ్ళంతా వాయించేది. యాడ మొదలుపెట్టాల?

ఆ పాట "స్మోక్ ఆన్ ది వాటర్". 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మోంట్రోలో ఫ్రాంక్ జప్పా అనే అమెరికా సంగీతకారుడి కచేరీ జరుగుతుంటే ఎవరో ఫ్లేర్ గన్ పేల్చారు, కాసినో తగలబడిపోయింది. డీప్ పర్పుల్ వాళ్ళు రికార్డింగ్ చేసుకోవాలనుకున్నది ఆ భవనంలోనే. సరస్సు మీద పొగ కమ్ముకోవడం వాళ్ళు కళ్ళారా చూశారు. పాటకు ఆ పేరు తట్టింది బేసిస్టు రోజర్ గ్లోవర్‌కు. స్టూడియో పాటలో మొదట గిటార్ ఒక్కటే వస్తుంది, తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే చేరుతారు, బేస్ అందరికంటే చివర. బేస్ చేరిన క్షణాన పాటకు కాళ్ళు వచ్చినట్టుంటుంది. మొదలుపెట్టాల్సింది అక్కడే. ఆ ఒక్క క్షణాన్నే పదిసార్లు వినండి. ఆ తర్వాత 1972 ఆగస్టులో జపాన్‌లో రికార్డయిన "మేడ్ ఇన్ జపాన్"కు పోండి.

మార్క్ 2, మార్క్ 3 అంటుంటారు. అవి ఆల్బమ్ పేర్లా?

కావు, జట్ల లెక్క. బ్యాండు 1968లో ఇంగ్లండ్‌లో పుట్టింది. మనుషులు మారినప్పుడల్లా అభిమానులు ఒక నంబరు వేసుకున్నారు. మార్క్ 1లో గాయకుడు రాడ్ ఎవాన్స్, బేసిస్టు నిక్ సింపర్. 1969లో వాళ్ళిద్దరి బదులు ఎపిసోడ్ సిక్స్ అనే బ్యాండు నుంచి ఇయాన్ గిల్లన్, రోజర్ గ్లోవర్ వచ్చారు, అది మార్క్ 2. 1973లో వాళ్ళు పోయి డేవిడ్ కవర్‌డేల్, గ్లెన్ హ్యూస్ వచ్చారు, అది మార్క్ 3. 1975లో గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ పోయి టామీ బోలిన్ వస్తే మార్క్ 4. అన్ని జట్లలోనూ ఉన్నది డ్రమ్మర్ ఇయాన్ పేస్ ఒక్కడే. మన సురభి నాటకాల వాళ్ళలాగా అనుకోండి. వేషగాళ్ళు మారారు, తెర మీద పేరు మారలేదు.

స్టూడియో పాట నున్నగా, శుభ్రంగా ఉంది గదా. లైవ్ ఎందుకు వినాల?

మీ నాయన్నో తాతనో అడగండి, పద్యనాటకానికి ఎందుకు పోయేవాళ్ళని. పద్యం అందరికీ నోటికి వచ్చిందే, కథా తెలిసిందే. అయినా ఆ నటుడు ఆ రాత్రి రాగాన్ని ఎంత దూరం లాగుతాడో చూడ్డానికి పోయేవాళ్ళు. జనం "ఒన్స్ మోర్" అంటే మళ్ళీ ఎత్తుకునేవాడు, రెండోసారి మొదటిసారిలా ఉండేది కాదు. ఈ బ్యాండు కూడా అంతే. "స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్" స్టూడియోలో నాలుగు నిమిషాల పాట. జపాన్‌లో తొమ్మిది నిమిషాలు దాటింది. ఎందుకంటే మధ్యలో బ్లాక్‌మోర్ గిటార్ మీద ఏది పలికిస్తే గిల్లన్ గొంతుతో అదే పలికిస్తాడు, ఇద్దరూ పోటీ. ఇంకా నయం, మన పద్యాల వాళ్ళకు అయిదు నిమిషాలు ఆలాపనకే పోయేది.

బేస్ బేస్ అంటారు, నాకు అస్సలు వినపడదు. నా చెవుల్లో ఏమన్నా తేడానా?

చెవులు బాగానే ఉంటాయి. ఫోన్ స్పీకరులో వింటున్నారు, అదీ తేడా. బేస్ గిటార్ అడుగు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది ధ్వనికి గాలిని బాగా నెట్టాలి, వేలిగోరంత స్పీకరు నెట్టలేదు. దాని పైన వచ్చే 82, 123 కంపనాల స్వరాలూ ఫోనులో అంతంతమాత్రమే, ఇంకా పైవి కొంచెం పలుకుతాయి. వాటిని పట్టుకుని మెదడే అడుగు స్వరాన్ని ఊహించుకుంటుంది. అంటే మీరు విన్నామనుకుంటున్న బేస్‌లో చాలా భాగం మీ మెదడు కల్పించుకున్నదే.

మంచి హెడ్‌ఫోన్ పెట్టుకోండి. మొదట డ్రమ్ముల్లో పెద్ద డప్పును, అంటే కాలితో కొట్టేదాన్ని పట్టుకోండి. దాని పక్కనే అంటుకుని నడిచేది బేస్. మృదంగం తెలిసినవాళ్ళకు ఇంకా సులభం. కుడి పక్క చాపును కాసేపు మరిచిపోయి, రవ్వముద్ద అంటించిన ఎడమ పక్క తొప్పినే విన్నట్టు వినాలి. ఒకసారి పట్టుబడిందంటే ఇక వినకుండా ఉండలేరు. పెళ్ళి డీజే బాక్సుల్లో గుండెలు అదరగొట్టేదాన్ని మాత్రం బేస్ అనుకుని ఇక్కడికి రావద్దు, అది వేరే జాతి.

## రికార్డుల దగ్గరికి వస్తే

"మేడ్ ఇన్ జపాన్" అంతా ఒకే రాత్రి వాయించిందేనా?

కాదు, మూడు రాత్రులది. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్‌లో వాయించారు. మార్టిన్ బర్చ్ అనే ఇంజినీరు ఎనిమిది ట్రాకుల మెషిన్ మీద మూడింటినీ పట్టాడు. ఏడు పాటల్లో నాలుగు 16వ తేదీవి: హైవే స్టార్, చైల్డ్ ఇన్ టైమ్, స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్, స్పేస్ ట్రకిన్. స్మోక్ ఆన్ ది వాటర్ 15వ తేదీది. ది మ్యూల్, లేజీ టోక్యోవి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, మా కడపాయన "ఆ రాత్రి గ్లోవర్ ఎట్ల వాయించినాడు సామీ" అని కళ్ళు మూసుకుంటాడు. ఏ రాత్రి? మీరు వింటున్నది మూడు రాత్రుల్లోంచి ఏరి కట్టిన దండ. ఆ రాత్రులు విడివిడిగా కావాలంటే 1993లో మూడు సీడీల్లో "లైవ్ ఇన్ జపాన్" వచ్చింది. అందులో పాటలు తడబడిన చోట్లు కూడా దొరుకుతాయి.

తర్వాత స్టూడియోలో కూర్చుని అతికించింది ఏమైనా ఉందా అందులో?

లేదు. మళ్ళీ వాయించి కలిపింది ఏమీ లేదని బ్యాండు వాళ్ళు మొదటి నుంచీ చెప్పుకొచ్చారు. అసలు వాళ్ళకు ఆ రికార్డు మీద పెద్ద ఆశే లేదు. జపాన్ కంపెనీ వాళ్ళు అడిగారని, అక్కడి వరకే అమ్ముకుంటారని ఒప్పుకున్నారు. మిక్సింగ్ గదికి, అంటే ఏ వాద్యం ఎంత వినపడాలో తేల్చి కలిపే చోటికి, వెళ్ళింది గ్లోవర్, పేస్ ఇద్దరే. బేసూ డ్రమ్మూ వాయించినవాళ్ళు దగ్గరుండి చేయించిన మిక్స్ అది! ఆ రికార్డులో అడుగు అంత గట్టిగా ఉండటానికి ఇది ఒక కారణమని నా అనుమానం.

సౌండ్‌బోర్డు టేపు అంటేనే అసలైన సౌండు, మిగతావన్నీ దండగ. అంతే గదా?

మా గుంపులో సగం కొట్లాటలు ఈ పొరపాటులోంచే పుడతాయి.

లైవ్ టేపులు ముఖ్యంగా మూడు రకాలు. జనంలో కూర్చుని ఎవరో చిన్న మెషిన్‌తో పట్టింది ఒకటి. హాలులో స్పీకర్లకు శబ్దం పంపే మిక్సర్ నుంచి నేరుగా లాగింది సౌండ్‌బోర్డు. ఒక్కో వాద్యాన్ని ఒక్కో ట్రాకులో విడిగా పట్టి తర్వాత తీరిగ్గా కలిపేది మల్టీట్రాక్.

సౌండ్‌బోర్డులో ఉండేది ఆ రోజు హాలు స్పీకర్లకు ఎంత అవసరమో అంతే. చిన్న హాలు, స్టేజీ మీద బేస్ ఆంప్లిఫయర్ కొండంత. అదే హాలంతా నింపేస్తుంటే మిక్సర్ దగ్గర కూర్చున్నవాడు బేస్‌ను ఇంకా ఎందుకు పెంచుతాడు? తగ్గిస్తాడు. టేపులో గొంతు దబాయిస్తుంటుంది, బేస్ ఎక్కడో బావిలో ఉంటుంది. అది విని మనం "ఆ రోజు బేసిస్టు నిద్రపోయినాడు" అని తీర్పు చెప్తాం. అదే రాత్రి జనంలోంచి పట్టిన టేపు వింటే బేసే హాలును మింగేస్తుంటుంది, "రాక్షసుడప్పా" అంటాం. మనిషి అదే, వేళ్ళు అవే. మనం పొగిడేదీ తిట్టేదీ చాలాసార్లు మైకు పెట్టిన చోటును.

నా మటుకు నేను మల్టీట్రాక్ ఉన్న రాత్రుల మీద తప్ప బేసిస్టుల గొడవకు దిగను. దిగనని చెప్తాను గానీ, టీ రెండో గ్లాసుకు దిగుతాను.

హ్యూస్ కాలానికి ఏ లైవ్ రికార్డు వినాల? "మేడ్ ఇన్ యూరప్" చాలా?

చాలదు. అది 1975 ఏప్రిల్‌లో గ్రాజ్, జార్‌బ్రూకెన్, పారిస్ కచేరీల్లోంచి తీసింది, వచ్చింది 1976లో. బ్లాక్‌మోర్ అప్పటికే వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యాడు, పారిస్ కచేరీతో మార్క్ 3 ముగిసింది. పాటలు అయిదే. ముందు వినాల్సింది 1974 మే 22న లండన్ కిల్‌బర్న్‌లో బీబీసీ రికార్డు చేసిన "లైవ్ ఇన్ లండన్". అది బయటికి వచ్చేసరికి 1982 అయింది. జట్టు అప్పుడే కుదురుకుంటోంది, ఆకలి మీద ఉంది.

"లాస్ట్ కాన్సర్ట్ ఇన్ జపాన్" అంత ఘోరమా?

1975 డిసెంబర్ 15, టోక్యో బుడోకాన్. టామీ బోలిన్ ఎడమ చెయ్యి ఆ రోజు సరిగా పనిచేయలేదు, గిటార్ మీద పట్టు దొరకలేదు. ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ చాలా చోట్ల ఆ ఖాళీని పూడ్చుకుంటూ పోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే జకార్తాలో వాళ్ళ సిబ్బందిలో ఒకరు చనిపోయారు. మనసులు ఎట్లా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఇంకో ఏడాదికి, 1976 డిసెంబర్ 4న బోలిన్ కూడా పోయాడు.

1977లో వచ్చిన ఎల్పీ, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డు, కచేరీలో కొంత భాగమే, మిక్స్ కూడా పీలగా ఉంటుంది. 2001లో అదే కచేరీని "దిస్ టైమ్ అరౌండ్" పేరుతో కొత్తగా మిక్స్ చేసి పూర్తిగా ఇచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి హ్యూస్ బేస్ వినండి. ఒకే రాత్రి, ఒకే మనిషి. మొదటిదాంట్లో పట్టించుకోని బేసిస్టు, రెండోదాంట్లో బ్యాండును భుజాన మోస్తున్నవాడు. బోలిన్ చెయ్యి మాత్రం ఏ మిక్స్‌తోనూ బాగుపడలేదు.

ఆర్కెస్ట్రాతో చేసిన కచేరీ ఒకటా రెండా?

రెండు కాలాలవి. మొదటిది 1969 సెప్టెంబర్ 24న రాయల్ ఆల్బర్ట్ హాలులో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో. బ్యాండూ ఆర్కెస్ట్రా కలిసి వాయించడానికి జాన్ లార్డ్ రాసిన కాన్సర్టో అది, నడిపింది మాల్కమ్ ఆర్నాల్డ్. ఆ స్వరలిపి తర్వాత పోయింది. మార్కో డి గూయ్ అనే డచ్ సంగీతకారుడు పాత రికార్డింగు వింటూ, వీడియో చూస్తూ మళ్ళీ రాయడానికి పూనుకుంటే లార్డ్ చెయ్యి కలిపాడు. 1999లో అదే హాలులో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో మళ్ళీ వాయించారు. రెండుసార్లూ బేస్ గ్లోవరే.

## బేసిస్టుల గొడవ

మొత్తం ఎంతమంది బేసిస్టులు?

ముగ్గురే. నిక్ సింపర్ 1968 నుంచి 69 వరకు. రోజర్ గ్లోవర్ 1969 నుంచి 73 వరకు, మళ్ళీ 1984లో బ్యాండు తిరిగి కలిసినప్పటి నుంచి. గ్లెన్ హ్యూస్ 1973 నుంచి 76 వరకు. గిటారిస్టులే ఎక్కువమంది మారారు.

నిక్ సింపర్ పేరు ఎవరూ ఎత్తరేం? అంత పనికిరానివాడా?

పనికిరానివాడు కాదు, అన్యాయం జరిగినవాడు. మొదటి మూడు ఆల్బమ్‌ల బేస్ ఆయనదే. అమెరికాలో నాలుగో స్థానం దాకా ఎగబాకిన "హష్"లో వినపడేది ఆయనే. డీప్ పర్పుల్‌కు ముందు జానీ కిడ్ బ్యాండులో ఉండేవాడు, 1966లో కిడ్ చనిపోయిన కారు ప్రమాదంలో గాయాలతో బయటపడ్డాడు. 1969లో ఆయన్ను పక్కన పెట్టారు. 2016లో బ్యాండును రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు మొదటి గాయకుడు రాడ్ ఎవాన్స్ పేరు ఉంది, గ్లోవర్, హ్యూస్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి, సింపర్ పేరు లేదు. ఎవాన్స్‌కు అర్హత ఉంటే ఆయన పక్కన నిలబడి వాయించినవాడికి లేకపోవడం ఏమి లెక్కో!

లైవ్‌లో వినాలంటే 1968 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో, క్రీమ్ బ్యాండు కచేరీకి ముందు వాయించిన రికార్డు ఉంది.

గ్లోవర్ ఊరికే గిటార్ వెనకాల నడుస్తాడు. దాంట్లో గొప్పేముంది?

ఈ మాట అనేది ఎక్కువగా మా కర్నూలు కుర్రాడు. నేనూ ఇరవై ఏళ్ళ వయసులో అన్నాను కాబట్టి కోపం లేదు.

స్టేజీ మీద ఎవరెవరున్నారో చూడండి. బ్లాక్‌మోర్ ఒక నిమిషం కుదురుగా ఉండడు. జాన్ లార్డ్ హామండ్ ఆర్గన్‌ను మార్షల్ గిటార్ ఆంప్లిఫయర్‌లోంచి పంపించేవాడు, అందువల్ల ఆర్గన్ కూడా గిటార్‌లాగే గరగరమంటూ మధ్య జాగా అంతా ఆక్రమిస్తుంది. పేస్ డ్రమ్ముల మీద అల్లికలు అల్లుతూనే ఉంటాడు. గిల్లన్ కేక ఆకాశంలో. ఇంతమంది ఎగురుతుంటే నేల మీద ఒకడు ఉండాల వద్దా? గ్లోవర్ ఆ నేల. చెక్కభజనలో అడుగులు ఎన్ని తిప్పులు తిరిగినా తాళం పట్టినవాడు తప్పడు చూడండి, ఆ పని.

1972లో ఆయన రికెన్‌బ్యాకర్ బేస్‌ను పిక్‌తో, అంటే తీగ మీటే చిన్న బిళ్ళతో, వాయించేవాడు. అందుకే ఆ ధ్వని మెత్తగా దుమ్ములో పడినట్టు కాకుండా, అంచున్న ఇనుములాగా ఉంటుంది. జపాన్ "హైవే స్టార్"లో గిటార్ సోలో నడుస్తున్నప్పుడు గిటార్‌ను వదిలేసి కిందికి చూడండి. పరుగు ఆగదు, తొందరపడదు. "లేజీ"లో బ్లూస్ నడక వినండి, అక్కడ ఆయన వెనకాల నడవడం లేదు, దారి చూపిస్తున్నాడు. సోలోనే కావాలంటే స్టూడియో ఆల్బమ్ "మెషిన్ హెడ్"లో "పిక్చర్స్ ఆఫ్ హోమ్" మధ్యలో చిన్నది ఉంది. అదే ఆల్బమ్‌లో "మేబీ ఐయామ్ ఎ లియో" గిటార్ వరస అల్లింది కూడా గ్లోవరే.

మరి అంత మంచోడైతే 1973లో ఎందుకు పంపేసినారు?

గిల్లన్ రాజీనామా ముందే ఇచ్చేశాడు. బ్లాక్‌మోర్‌కు కొత్త ధ్వని, కొత్త మనుషులు కావాలి. గ్లోవర్ ఉంటే తాను ఉండనన్నట్టు తేలింది. 1973 జూన్ 29న ఒసాకాలో ఆ జట్టు ఆఖరి కచేరీ. ఏడాది కిందట పేరు తెచ్చిన ఊళ్ళోనే ముగిసింది. తమాషా ఏమంటే, 1979లో అదే బ్లాక్‌మోర్ తన రెయిన్‌బో బ్యాండుకు ప్రొడ్యూసరుగా, బేసిస్టుగా గ్లోవర్‌నే పిలిపించుకున్నాడు.

గ్లెన్ హ్యూస్ అసలు బేసిస్టా, సింగరా?

రెండూ, చిక్కంతా అక్కడే. ట్రపీజ్ అనే బ్యాండులో పాడుతూ బేస్ వాయించేవాడు. ఆయన గొంతు ఎంత పైకి పోతుందంటే, వింటున్నప్పుడు చేతుల వైపు చూడాలని ఎవరికీ తోచదు. చూస్తే తెలుస్తుంది. సోల్, ఫంక్ సంగీతం మీద పెరిగిన చేతులు అవి. స్వరాల మధ్య ఖాళీ వదలడం తెలుసు. గ్లోవర్ నేలయితే ఈయన ఊయల. "స్టార్మ్‌బ్రింగర్" ఆల్బమ్ నాటికి బ్యాండే ఆ వైపు ఊగింది, బ్లాక్‌మోర్‌కు అది నచ్చలేదు.

1974 ఏప్రిల్ 6 కాలిఫోర్నియా జామ్ కచేరీ వీడియో చూడండి. అందరూ చివర్లో బ్లాక్‌మోర్ టీవీ కెమెరాను గిటార్‌తో పొడవడం, ఆంప్లిఫయర్లు పేలడం చూడ్డానికే పెట్టుకుంటారు. మీరు "బర్న్" నడుస్తున్నప్పుడు హ్యూస్‌ను చూడండి. పైన పాడుతూ కింద అంత కదులుతూ వాయించడం ఎంత కష్టమో ఆర్కెస్ట్రాలో రెండు పనులు చేసినవాళ్ళను అడిగితే చెప్తారు.

ఇవన్నీ వద్దప్పా, ఒక్క మాటలో చెప్పు. ఇద్దర్లో ఎవరు?

ఒక్క మాటలో అయితే గ్లోవర్. కానీ ఎట్లా తేల్చుకున్నానో కూడా చెప్పాలి. "హైవే స్టార్"లో గ్లోవర్‌ను, "బర్న్"లో హ్యూస్‌ను పెట్టి పోలిస్తే అది పాటల పోటీ. ఒకే పాట తీసుకోవాలి. "స్మోక్ ఆన్ ది వాటర్" ఇద్దరూ వాయించారు: 1972 ఆగస్టు 15 ఒసాకా, 1974 మే 22 లండన్. చరణం కింద గ్లోవర్ ఒకే స్వరాన్ని పట్టుకుని ముందుకు తోస్తాడు. హ్యూస్ ఆ చోట కుదురుగా ఉండలేడు, అక్కడక్కడా పక్కకు జారి వస్తాడు. ఈ పాటకు తోపే కావాలి, ఊపు కాదు. అదే "యూ ఫూల్ నో వన్" లాంటి పాటకు గ్లోవర్‌ను ఊహించుకోలేను, అక్కడ హ్యూస్ చేతులే కావాలి. మా కడపాయన ఈ రెండో వాక్యం వినకుండానే లేచి టీ డబ్బులు ఇస్తాడు, గెలిచినట్టు.

## సేకరించేవాళ్ళకు

నా పాత క్యాసెట్‌లో "మేడ్ ఇన్ జపాన్" ఆరు పాటలే ఉంది. అది వేరే ఎడిషనా?

ఎడిషనూ కాదు, పాడూ కాదు. బహుశా 60 నిమిషాల క్యాసెట్ మీద ఎక్కించి ఉంటారు. అసలు రికార్డు 76 నిమిషాల పైచిలుకు, ఏడు పాటలు, రెండు ఎల్పీలు. మొదటి మూడు పాటలు దాదాపు 27 నిమిషాలు, తర్వాతి మూడు 30కి అర నిమిషం తక్కువ. ఒక్కో పక్కకు సరిగ్గా సరిపోతాయి. ఇరవై నిమిషాల "స్పేస్ ట్రకిన్", అంటే రెండో ఎల్పీలో ఒక పక్క మొత్తం, మిగిలిపోతుంది. చదువుకునే రోజుల్లో బెంగళూరులో ఒక అంగడాయన నాకు ఇట్లాగే రికార్డు చేసిచ్చాడు. అట్ట మీద ఆరు పేర్లే ముద్దుగా రాశాడు, ఏడోది ఉందని మూడేళ్ళు నాకు తెలియదు. తెలిసిన రోజు బస్సెక్కి పోయి అడుగుదామనుకున్నాను. రెండొందల కిలోమీటర్లు. 90 నిమిషాల ఖాళీ క్యాసెట్ తీసుకుని పోయాను, తిట్టలేదు, మళ్ళీ ఎక్కించుకుని వచ్చాను.

ఇండియాలో వాయించిన రికార్డు ఏదైనా ఉందా?

ఉంది. 1995 ఏప్రిల్‌లో బాంబేలో వాయించినదాన్ని "బాంబే కాలింగ్" పేరుతో వీడియోగా తెచ్చారు. బ్లాక్‌మోర్ అప్పటికి లేడు, స్టీవ్ మోర్స్ అప్పుడే కొత్తగా చేరాడు. గిల్లన్, లార్డ్, పేస్, గ్లోవర్ ఉన్నారు. శబ్దం గొప్పగా ఏమీ ఉండదు, కెమెరా కూడా గ్లోవర్ మీద ఎక్కువసేపు నిలవదు. అయినా మన జనం అరుపుల మధ్య ఆ బేస్ వినడం వేరు. మా కర్నూలు కుర్రాడు దాన్ని చూసి మొదటిసారి నోరు మూసుకున్నాడు, పావుగంట.